ఎదిగిన పిల్లలతో అరకు ప్రయాణం

ఎదిగిన పిల్లలతో సెలవులకు వెళ్లడం అంత సులభం కాదు. మొన్న వేసవిలో మాకది బాగా తెలిసింది. పదో తరగతి పాసైన మా అబ్బాయిని ఎంపీసీలో చేర్చాలని మేము నిశ్చయించుకున్నాం. దాంతో వారం రోజులుగా వాడు మాతో సరిగా మాట్లాడడం లేదు. అరకు వెళ్దామన్నదీ మేమే. పిల్లలను అడగనేలేదు, అది మా పొరపాటు.

విశాఖపట్నంలో కిరండూల్ రైలు ఎక్కాం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు చేర్చడానికి 1960లలో వేసిన ఆ లైనులో యాభైకి పైగా సొరంగాలున్నాయి. అమ్మాయి లెక్కపెట్టసాగింది. వాడు ఫోనులో తల దూర్చాడు. కొండల్లో సిగ్నల్ పోయింది. (అందుకు మేమేమీ బాధపడలేదు!) ఒక సొరంగంలో పెట్టె అంతా చీకటైపోయింది. "నాన్నా, లెక్కలంటే నాకు భయం" అన్న మాట వినబడింది. ముఖం కనబడనందుకే ధైర్యం వచ్చిందేమో. వెలుతురు వచ్చేదాకా మేమేమీ అనలేకపోయాం.

బొర్రా గుహల్లో సున్నపురాతి మీదుగా నీరు బొట్టుబొట్టుగా కారి ఆ స్తంభాలు ఎలా ఏర్పడ్డాయో వాడే చెల్లెలికి వివరించాడు. వాడికి ఇంత తెలుసని మాకు తెలియదు. బయట బొంగులో చికెన్ తింటూ, "మరి ఏం చదువుతావురా?" అని మొదటిసారి అడిగాం.

"బైపీసీ. తర్వాత వ్యవసాయం" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో సొరంగాలు వాడూ లెక్కపెట్టాడు. ఇద్దరి లెక్కా కలవలేదు.