తెలుగు ప్రథమ ప్రయోగాల నిర్ధారణ: నమ్మదగని బాహ్య దత్తాంశంతో వ్యవహరించే పద్ధతి

ఒక పదం తెలుగు అచ్చులోకి ఎప్పుడు వచ్చిందో తేల్చడానికి గ్రంథాలయ పట్టికలు, స్కాన్ ప్రతులు, వాటి ఓసీఆర్ పాఠాలు ఒకచోట చేర్చిన డేటాబేసు ఎంతో ఉపకరిస్తుంది. అయితే అందులో చేరే సమాచారమంతా బయటినుంచి వచ్చేదే. పుస్తకాన్ని వెతికి పట్టుకోవడానికి తోడ్పడితే పట్టికకు చాలు. పరిశోధకుడికి మాత్రం ముద్రణ సంవత్సరం కచ్చితంగా కావాలి. చిక్కంతా ఇక్కడే ఉంది.

కన్యాశుల్కాన్నే తీసుకుందాం. గురజాడ అప్పారావు ఈ నాటకాన్ని 1897లో ప్రచురించి, 1909లో విస్తృతంగా మార్చి, పెంచి మళ్ళీ వెలువరించారు. రెండు కూర్పులూ దాదాపు రెండు వేర్వేరు రచనలు. 1909 పాఠాన్ని అనుసరించిన ఏ పునర్ముద్రణకో పట్టికలో 1897 అని పడితే, మలికూర్పులో మాత్రమే ఉన్న పదాలన్నీ పన్నెండేళ్ళు వెనక్కి జరుగుతాయి. వ్యావహారిక భాషావాదం రూపుదిద్దుకుంటున్న కాలంలో పన్నెండేళ్ళు చిన్న తేడా కాదు. తప్పు ఒక్క గడిలోనిదే అయినా దానిపై ఆధారపడే కాలక్రమమంతా తారుమారవుతుంది.

ముఖపత్రంపై సంవత్సరం పేరు మాత్రమే ఉన్న పుస్తకాలతో మరో ఇబ్బంది. విరోధి అంటే 1889-90 కావచ్చు, 1949-50 కావచ్చు. పట్టిక రాసినవారు ఊహించి ఒక అంకె వేస్తే, డేటాబేసులో చేరగానే ఆ ఊహ సత్యంగా చలామణి అవుతుంది. అంకెను మాత్రమే స్వీకరించే గడిలో సందేహానికి చోటు లేదు. అందువల్ల ఒక గడికి బదులు మూడు ఉండాలి: మూలంలో ఉన్న మాట ఉన్నది ఉన్నట్టుగా ఒకదానిలో, సాధ్యమైన తొలి హద్దు (1889) మరొకదానిలో, మలి హద్దు (1950) ఇంకొకదానిలో. గణనకు మలి హద్దునే వాడాలి. అప్పుడు "ఈ పదం 1950 నాటికి ఉంది" అని మాత్రమే ఫలితం వస్తుంది. అది ఉత్సాహం కలిగించే ఫలితం కాదు, అయితే తప్పుకాదు.

పాఠం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఓసీఆర్ 'ప'ను 'వ'గా, 'మ'ను 'య'గా చదవడం పరిపాటి. గుఱ్ఱము, గుర్రము యంత్రానికి రెండు పదాలు. పొల్లు తరువాత కంటికి కనిపించని యూనికోడ్ సంకేతం చేరితే, చూడటానికి ఒకేలా ఉన్న రెండు మాటలు కూడా వేరుగా లెక్కకొస్తాయి. అన్వేషణ కోసం ఏకరూపత సాధించవలసిందే. కాని దానిని వేరే గడిలో సాధించాలి. మూలంలోని 'ఱ'ను 'ర'గా దిద్దేస్తే వర్ణక్రమ చరిత్ర చెరిగిపోతుంది. పాఠపరిష్కరణ తెలిసినవారికి ఇది కొత్త కాదు: తాళపత్ర పాఠాన్ని కదపకుండా సవరణను పక్కన చూపడం వారికి అలవాటే. ప్రతి వరుసకూ అది ఏ వనరు నుంచి, ఏ తేదీన వచ్చిందో జతచేయడం కూడా ఆ సంప్రదాయంలో ప్రతుల వివరం ఇవ్వడం వంటిదే.

మిగిలింది వనరు మధ్యలో మూగబోవడం. సర్వరు సగంలో ఆగితే వచ్చిన భాగాన్ని నేరుగా ప్రధాన పట్టికలో కలపకూడదు. తాత్కాలిక పట్టికలో ఉంచి, వరుసల సంఖ్యను గతంతో పోల్చి, సరిపోయాకే కలపాలి. అందని పుస్తకాలకు సున్నా వేయకుండా గడిని ఖాళీగా వదలాలి. సున్నా అంటే ఆ పుస్తకంలో పదం లేదని; ఖాళీ అంటే ఇంకా ఎవరూ చూడలేదని.