కారులో దూర ప్రయాణం – పిల్లలకు కాలక్షేపం ఎలా?

పండుగ సెలవులు గానీ, వేసవి సెలవులు గానీ వచ్చాయంటే మన బండారులంకలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ప్రయాణాల సందడి మొదలవుతుంది. హైదరాబాదులో ఉంటున్నవారు పిల్లలతో ఇక్కడికి వస్తారు. ఇక్కడివారు మనవల్ని చూడడానికి అక్కడికి వెళ్తారు. చాలామంది కారులోనే బయలుదేరతారు. రావులపాలెం, తణుకు, ఏలూరు, విజయవాడ, సూర్యాపేట మీదుగా వెళ్తే దారి 400 కిలోమీటర్ల పైమాటే. ఆగుతూ వెళ్తే 8, 9 గంటలు పడుతుంది.

పెద్దవాళ్ళకే నడుము పట్టేసే దారిలో నాలుగేళ్ళ పిల్లవాడిని కదలకుండా కూర్చోమంటే కుదిరే పని కాదు. “కారెక్కిన దగ్గర్నుంచి ఒకటే పేచీ, ఏం చెయ్యమంటారు?” అని తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. ఇది కేవలం అల్లరికి సంబంధించిన సంగతి కాదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు ముందుకు పోతుంది. ఏడుస్తున్న బిడ్డ కోసం బండి నడిపే తండ్రి రెండు సెకన్లు వెనక్కి తిరిగితే, 44 మీటర్ల దారి ఎవరూ చూడకుండానే గడిచిపోతుంది. అందుకే పిల్లల కాలక్షేపం ప్రయాణ భద్రతలో ఒక భాగమని మేము చెబుతాము. వారితో ఆడించే పెద్దవారు ఒకరు తప్పక వెనుక సీటులో కూర్చోవాలి. బండి నడిపేవారు ఆటలో చేరకూడదు.

ఫోను ఇస్తే సరిపోదా?

చాలామంది చేసేది అదే. కాసేపు పిల్లవాడు నోరెత్తడు. ఆ తరువాత ముఖం పాలిపోయి, చెమటలు పట్టి, భళ్ళున వాంతి చేసుకుంటాడు. కారణం ఏమిటంటే, మన చెవి లోపలి భాగంలో శరీరం కదలికను కనిపెట్టే అవయవం ఉంది. కారు కదులుతోందని అది మెదడుకు చెబుతుంది. ఫోను మీదో పుస్తకం మీదో నిలిచిన కళ్ళు మాత్రం ఏదీ కదలడం లేదని చెబుతాయి. రెండు కబుర్లూ పొసగక వికారం మొదలవుతుంది. రెండేళ్ళ లోపు పిల్లల్లో ఇది అరుదు. 2 నుంచి 12 ఏళ్ళ మధ్య ఎక్కువగా కనిపిస్తుంది.

కాబట్టి పిల్లల చూపు కిటికీ బయట, దూరంగా ఉండే ఆటలే మంచివి. కాలక్షేపమూ అవుతుంది, వాంతులూ తగ్గుతాయి.

దారిలో ఆడించదగిన ఆటలు

1. వంతెనల లెక్క: ఎన్ని కాలువలు, ఎన్ని వంతెనలు దాటామో లెక్కపెట్టించండి. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరిని ముందుగా చూసినవారికి ఒక మార్కు.

2. లారీల సరుకు: కొబ్బరికాయలు, అరటిగెలలు, చేపలు, ధాన్యం – ఎదురొచ్చే లారీలో ఏముందో చెప్పాలి. చిన్నపిల్లలైతే లారీ రంగు చెబితే చాలు.

3. నంబరు ప్లేట్లు: చదవడం వచ్చిన పిల్లలకు ఇది బాగుంటుంది. ఆంధ్ర బండికి ఏపీ అని ఉంటుంది. తెలంగాణలో పాత బండ్లకు టీఎస్ అనీ, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ అనీ ఉంటుంది. కోదాడ దాటాక ఏవి ఎక్కువో లెక్కపెట్టమనండి.

4. కిలోమీటరు రాళ్ళు: జాతీయ రహదారి రాయికి పైన పసుపు రంగు, రాష్ట్ర రహదారి రాయికి ఆకుపచ్చ రంగు ఉంటాయి. తరువాతి ఊరు ఇంకా ఎంత దూరమో చెప్పమనండి.

5. కబుర్లు: ఇబ్రహీంపట్నం దగ్గర కొండపల్లి కొండలు కనిపించినప్పుడు, అక్కడ తేలికైన పొణికి కర్రతో బొమ్మలు చేస్తారని తాతయ్యగారు చెబితే పిల్లలు చెవులు రిక్కించి వింటారు. చీకటి పడ్డాక పాటలు, పొడుపుకథలు, అంత్యాక్షరి మేలు.

ఐదేళ్ళ లోపు పిల్లలు ఏ ఆటా పది నిమిషాలకు మించి ఆడరు. అందుచేత అన్నీ ఒకేసారి మొదలుపెట్టక, ఒక్కొక్కటిగా తీయండి.

తిండితో ఊరుకోబెట్టవద్దు

నోరు ఆడుతుంటే ఊరుకుంటారని దారి పొడవునా ఏదో ఒకటి పెడుతుంటారు. ఐదేళ్ళ లోపు పిల్లలకు నడుస్తున్న కారులో వేరుశనగ గుళ్ళు, గట్టి బిళ్ళలు పెట్టవద్దు. కుదుపుకు గొంతుకు అడ్డుపడవచ్చు. ఖాళీ కడుపుతోనూ, నూనె వంటకాలతోనూ బయలుదేరవద్దు. రెండు ఇడ్లీలు తిని కొంతసేపు ఆగి బయలుదేరడం మంచిది. నీళ్ళు కొద్దికొద్దిగా తాగించండి.

కొందరు పిల్లలు నిద్రపోతారని జలుబు మందు పట్టిస్తారు. ఇది ప్రమాదం. వాంతులకు వాడే ప్రోమెథజిన్ రెండేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వనే కూడదు, ఊపిరి మందగించవచ్చు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందు నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడరాదని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో తెలిపింది. ప్రయాణంలో వాంతులయ్యే బిడ్డకు మందు కావాలంటే ముందుగానే డాక్టరును అడగండి.

ఆట ఏదైనా బెల్టు తీయకూడదు

చంటిబిడ్డను ఒడిలో పెట్టుకుని ముందు సీటులో కూర్చోవడం మనకు అలవాటు. గట్టిగా బ్రేకు పడితే ఏ తల్లి చేతులూ బిడ్డను ఆపలేవు. గాలి సంచి తెరుచుకుంటే ఆ దెబ్బ బిడ్డకే తగులుతుంది. పిల్లలు వెనుక సీటులోనే, చిన్నవారు పిల్లల సీటులో, పెద్దవారు బెల్టుతో కూర్చోవాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో జరిగిన సవరణ ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే 1000 రూపాయల జరిమానా. ఆటలో ఉత్సాహం వచ్చి పిల్లలు లేచి నిలబడితే, కూర్చునేవరకు ఆట ఆపేయండి. చేతులు, తల కిటికీ బయట పెట్టనివ్వవద్దు.

రెండు గంటలకోసారి పెట్రోలు బంకు లాంటి చోట ఆగి, ఎడమ తలుపు నుంచి దింపి, చెయ్యి పట్టుకుని పదిహేను నిమిషాలు నడిపించండి. పాలు తాగే బిడ్డకు కారు ఆపాకే పాలివ్వండి. ఆగిన కారులో పిల్లలను వదిలి వెళ్ళవద్దు. ఎండలో పది నిమిషాలకే లోపలి వేడి దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది.

ఆడుతున్న బిడ్డ ఉన్నట్టుండి మాట్లాడకుండా ఆవలిస్తూ, ఉమ్మి మింగుతూ ఉంటే వాంతి రాబోతోందని అర్థం. కిటికీ తెరిచి, తల వెనక్కి ఆనించి, దూరంగా చూడమనండి. కారు ఆపే వీలుంటే ఆపండి. ప్రయాణం ముగిశాక కూడా వాంతులు తగ్గకపోయినా, ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోయినా, బిడ్డ మగతగా ఉన్నా ఆలస్యం చేయక దగ్గరలోని ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.