భూదృశ్య రూపకల్పనలో డాక్టరేట్: పరిశోధనాంశం ఎంపిక

భూదృశ్య రూపకల్పనలో డాక్టరేట్ చేయదలచిన విద్యార్థి ముందుగా గ్రహించవలసినది ఒకటున్నది. ఎంత చక్కనిదైనా ఉద్యానవన నమూనా పటం మాత్రమే సిద్ధాంత వ్యాసం కాజాలదు. పటం వృత్తి నైపుణ్యాన్ని తెలుపుతుంది. పరిశోధన ఒక ప్రశ్నకు ఆధారసహితమైన సమాధానం ఇవ్వాలి. వేప, కానుగ చెట్ల నీడలో నేల ఉష్ణోగ్రత ఎంత తగ్గుతుందన్నది అటువంటి ప్రశ్న.

కాలపరిమితి మరొక చిక్కు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ కనీస కాలం 3 సంవత్సరాలు, గరిష్ఠ కాలం 6 సంవత్సరాలు. ఈలోగా నాటిన మొక్క నిండైన నీడనిచ్చే వృక్షం కాకపోవచ్చు. కనుక వేర్వేరు వయస్సు గల పాత వీధిచెట్లను ఒకే కాలంలో పోల్చడం మేలు. అయితే నేల, నీటి వసతి, కొమ్మల కత్తిరింపు ఒకే తీరుగా ఉన్న చోట్లనే ఎంచుకోవాలి. లేనిచో కనిపించిన తేడా వయస్సు వల్లనో, యాజమాన్యం వల్లనో తేలదు.