మేరీలాండు తూటా తొడుగుల భాండాగారము

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మేరీలాండునందు, రాష్ట్ర పోలీసుల ప్రధాన కార్యాలయము పైక్స్‌విల్ అనుచోట నున్నది. ఆ భవనము క్రింద, అణుబాంబు భయమునకు తలదాచుకొనుటకై పూర్వము కట్టిన భూగృహమున, 2000వ సంవత్సరము మొదలుకొని పదునైదేండ్లపాటు, ఒక శాసన నిబంధన ననుసరించి, రాష్ట్రమున అమ్ముడైన ప్రతి క్రొత్త చేతి తుపాకికి ఒక్కొక్కటి చొప్పున, పేల్చిన తూటాల ఖాళీ తొడుగులు కవరులలో వచ్చి చేరుచుండెను. అవి మూడు లక్షలకు మించినవి. వ్యయము సుమారు 50 లక్షల డాలర్లు. వాని మూలమున తేలిన నేరము మాత్రము, పోలీసులే చెప్పినట్లు, ఒక్కటియు లేదు. 2015లో శాసనసభ ఆ నిబంధనను రద్దుచేసెను. ఆయుధ నియంత్రణ మనిన గిట్టనివారికి ఇది గొప్ప హాస్యవస్తువైనది. నవ్వుట సులభమే; కాని ఆ శాసనమునకు మూలమైన ఊహ అవివేకము కాదు, అది ఎచ్చట బెడిసెనో తెలిసికొనుట నవ్వుకంటె ప్రయోజనకరము.

పిస్తోలు మీట నొక్కినంతనే లోపలి సూదివంటి పిన్ను తొడుగు అడుగుననున్న ప్రైమరును పొడుచును. మందు అంటుకొని వాయువు విజృంభింపగా తూటా ముందునకు దూకును, ఇత్తడి తొడుగు వెనుకనున్న ఉక్కు ముఖమునకు బలముగా ఒత్తుకొనును. ఆ ఉక్కును కర్మాగారమున చెక్కినప్పుడు పనిముట్లు విడిచిన సూక్ష్మరేఖలు మెత్తని లోహముపై అచ్చుపడును. తొడుగును లాగి బయటికి విసరు కొక్కెములును తమ గీతలు గీయును. తూటాకైతే గొట్టములోని మెలితిరిగిన గాళ్ళ జాడ లంటును. 1929లో చికాగో నగరమున వాలెంటైను దినమున ఏడుగురు హతులైనప్పుడు, కాల్విన్ గొడార్డు అను నిపుణుడు రెండు వస్తువులను ప్రక్కప్రక్కన చూపు సూక్ష్మదర్శినితో ఈ గుర్తులను పరిశీలించి, తాను పరీక్షించిన పోలీసు తుపాకులు ఆ హత్యలలో పేలినవి కావనియు, పిమ్మట మిచిగానులో దొరికిన రెండు తుపాకులే పేలినవనియు నిర్ణయించెను.

దొరికిన తుపాకిని ఇంత నిశ్చయముగా గుర్తింపగలిగినప్పుడు, ప్రతి తుపాకి గుర్తులను అమ్మకమునాడే సేకరించి యుంచినచో, ఘటనాస్థలమున తొడుగు దొరికినంతనే కొన్నవాని పేరు తెలియదా యని గవర్నరు గ్లెండెనింగు కాలమున మేరీలాండు తలచెను. న్యూయార్కును ఆ వెంటనే అదే త్రోవ పట్టి, 2012లో విరమించెను.

లోప మిచ్చటనే యున్నది. గొడార్డు పోల్చినది చేతనున్న కొన్ని తుపాకులతో. భాండాగారము పోల్చవలసినది లక్షలతో. కంప్యూటరు ‘ఇదియే’ యని చెప్పదు. పోలికగల వానిని వరుసగా పేర్చి యిచ్చును, తుదిమాట సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న నిపుణునిదే. ఒకే కర్మాగారపు పిస్తోళ్ళు అన్నదమ్ములవలె ఒకదాని నొకటి పోలియుండుటచే, రాశి పెరిగినకొలది అసలైనది వరుసలో క్రిందికి జారును. కాలిఫోర్నియా ప్రభుత్వము ఒకే నమూనా పిస్తోళ్ళు 792 తీసికొని పరీక్షింపగా, ఒకే రకపు తూటాలు వాడినప్పుడే నూటికి 38 వంతులు సరియైన తుపాకి మొదటి పదునైదింటిలో కానరాలేదు. వేరొక కంపెనీ తూటాలు వాడినంతనే ఆ వైఫల్యము నూటికి 62 వంతులకు పెరిగెను. 2008లో జాతీయ పరిశోధనా మండలి సంఘమును క్రొత్త తుపాకుల కన్నిటికి దేశవ్యాప్తమైన భాండాగారము తగదనియే అభిప్రాయపడెను. పైగా తుపాకి వాడుకచే అరుగును. ఆకురాయితో రెండుమార్లు రాచినను, పిన్నును మార్చినను గుర్తు మారును. రివాల్వరు తొడుగును విసరనే విసరదు.

ఇవన్నియు దాటి పోలిక కుదిరినను, తెలియునది మొదట కొన్నవాని పేరే. దొంగతనములును, చాటుమాటు అమ్మకములును జరుగు దేశమున, నేరము చేసిన చేయి సాధారణముగా ఏండ్ల తరువాతిది, వేరొకనిది. 2002 అక్టోబరులో వాషింగ్టను పరిసరముల పదిమందిని చాటునుండి కాల్చి చంపినప్పుడు, దేశమంతటికి ఇట్టి భాండాగారము కావలెనని కోర్కె మిన్నుముట్టెను. కాని హంతకుల ఆయుధము రైఫిలు. మేరీలాండు శాసనము చేతి తుపాకులకే. ఆ రైఫిలు వచ్చినదియు దేశపు ఆవలి యొడ్డున టకోమా నగరమందలి దుకాణమునుండి.

గుర్తుల శాస్త్రము దీనివలన చెడిపోలేదు. నేరస్థలములలో దొరికిన తొడుగులను, పట్టుబడిన తుపాకులతో కాల్చిచూచిన తొడుగులను మాత్రమే చేర్చు జాతీయ జాలమును అమెరికా సమాఖ్య శాఖ యొకటి 1990ల నాటినుండి నడుపుచున్నది. నిన్న ఒక వీధిలోను, గతమాసమున వేరొక పేటలోను పేలినది ఒకే పిస్తోలని అది చెప్పగలదు. విడివిడిగా నడచుచున్న రెండు దర్యాప్తులు కలసికొనును, ఒకచోటి సాక్షి రెండవచోటికి అక్కరకు వచ్చును. నా దృష్టిలో డబ్బు వెచ్చింపదగిన చోటు ఇదియే. లక్షలకొలది నిర్దోష ఆయుధముల చిట్టాలో వెదకుటకంటె, ఇదివరకే నేరమున పేలినవానిలో వెదకుట గెలుపు నెక్కువగా ఇచ్చును.

కాలిఫోర్నియా 2007లో మరియొక మార్గము శాసించెను: పిన్ను కొననే సంకేతాక్షరములు చెక్కి, పేలిన ప్రతిసారి అవి తొడుగుపై పడునట్లు చేయుట. ఇందు వెదుకులాట లేదు, చదువుటయే చాలును. తయారీదారులు మాత్రము దీనిని తీవ్రముగా ప్రతిఘటించిరి. అక్షరములను అరగదీయు ఆకురాయి ఇచ్చటను కలదు. అవి చెరగక నిలిచినను, వానివలన తెలియునది మరల ఆ మొదటి కొనుగోలుదారుని పేరే.