ఉజ్జయినిలో శిస్తు ఎవరు వసూలు చేశారు?

1951లో ‘పాతాళభైరవి’ చూసిన జనం తోటరాముడి సాహసానికి ఈలలు వేశారు, నేపాళ మాంత్రికుణ్ణి చూసి జడుసుకున్నారు. ఉజ్జయిని రాజ్యంలో శిస్తు ఎవరు వసూలు చేస్తున్నారని ఆలోచించే తీరిక ఎవరికీ లేదు. అయినా ఆ కథను కదిలించింది ఒక పరిపాలనా నియమమే. తోటమాలి కొడుకు రాకుమారి ఇందుమతిని కోరుకుంటే రాజు పెట్టిన షరతు ఒక్కటే: నాతో సరితూగే ఐశ్వర్యం సంపాదించుకుని రా. అంటే ఆ రాజ్యంలో పుట్టుకతో రాని హోదా సంపదతో వస్తుంది. ఆ నియమం ఉండబట్టే రాముడు మాంత్రికుడి వెంట వెళ్లాడు, అడిగింది ఇచ్చే బొమ్మ చేత చిక్కించుకున్నాడు. రాచబిడ్డకు తప్ప పిల్లనివ్వను అని రాజు అనివుంటే కథ తోటలోనే ఆగిపోయేది.

తోటరాముడుగా నటించిన ఎన్టీ రామారావుది కృష్ణా జిల్లా పామర్రు మండలంలోని నిమ్మకూరు. బందరు రోడ్డు మీద వెళ్లేవాళ్లు గుడివాడ వైపు మళ్లే కూడలిగానే పామర్రును గుర్తుపెట్టుకుంటారు. కానీ కొత్త లోకాన్ని అల్లి, అందులో ఏ తరహా పాలన పెట్టాలా అని తడుముకునే రచయితకు ఈ ఊరి చుట్టూ ఉన్న యాభై, అరవై కిలోమీటర్ల నేలలోనే కావలసినంత సరుకు ఉంది. తెలుగు కల్పనా సాహిత్యం దాన్ని ఇంకా సరిగ్గా వాడుకోలేదు.

మన జానపద కథల్లో పాలన దాదాపు ఒకే అచ్చు. ఒక రాజు, మంచివాడో చెడ్డవాడో ఒక మంత్రి, ఒక సేనాధిపతి, అంతఃపురంలో ఒక కుట్ర, చివర్లో వీరుడికి రాకుమారితో పాటు అర్ధరాజ్యం. 1947 జులైలో మొదలైన ‘చందమామ’ ఈ అచ్చును ఇంటింటికీ చేర్చింది. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టిన దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్ కోసం పిల్లలు నెలంతా ఎదురుచూసేవారు. అడవులు, కోటలు, మాంత్రికులు ఎన్ని మారినా, రాజ్యం నడిచే తీరు గురించి పాఠకుడు అడిగేవాడు కాదు. పిల్లల కథకు అది లోటేమీ కాదు. ఆ పిల్లలే పెద్దయి ఆరువందల పేజీల నవల చదివేటప్పుడు ఇబ్బంది వస్తుంది. అమెరికన్ రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ 2014లో ఒక ముఖాముఖిలో కాల్పనిక కథల రచయిత టోల్కీన్ మీద ఉన్న గౌరవాన్ని దాచుకోకుండానే ఒక ప్రశ్న వేశాడు: మంచి రాజు వచ్చాడు, సరే, ఆయన పన్నుల విధానం ఏమిటి? పాఠకుడు లోకాన్ని నమ్మాలంటే ఎక్కడో ఒకచోట దానికి జవాబు దొరకాలి.

ముందుగా వారసత్వం. కథకు ఇంతకంటే మంచి ముడిసరుకు లేదు. ఏలూరు దగ్గరి పెదవేగి ఒకప్పటి వేంగి. 7వ శతాబ్దంలో రెండవ పులకేశి ఈ నేలను గెలిచి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడి చేతిలో పెట్టాడు. తమ్ముడు సొంత రాజ్యం కట్టుకున్నాడు. ఆ తూర్పు చాళుక్యుల తామ్రశాసనాల్లో ఒక విశేషం ఉంది. దానం సంగతి చెప్పే ముందు వంశంలోని రాజులను వరసగా పేర్కొంటూ, ఒక్కొక్కరు ఎంతకాలం ఏలారో రాస్తారు. విష్ణువర్ధనుడు 18 ఏళ్లు, గుణగ విజయాదిత్యుడు 44 ఏళ్లు. 10వ శతాబ్దం మొదటి భాగానికి వచ్చేసరికి లెక్క తారుమారవుతుంది. బేతరాజు అనే పసివాడు 15 రోజులు. అతణ్ణి తోసేసి వచ్చిన తాళరాజు ఒక నెల. అతణ్ణి చంపి వచ్చిన విక్రమాదిత్యుడు 11 నెలలు. వంశ ప్రశస్తి కోసం చెక్కించిన రాగిరేకే ఆ వంశం గుట్టు విప్పుతోంది. సింహాసనం పెద్దకొడుకుదా, తమ్ముడిదా, బలం ఉన్న దాయాదిదా అన్నది గట్టిగా తేలని చోట ప్రతి మరణం ఒక యుద్ధానికి ముహూర్తం అవుతుంది.

ఆ జాబితాలో ఇంకొక వాక్యం మరీ విచిత్రం. 973 ప్రాంతంలో దానార్ణవుణ్ణి జటాచోడ భీముడు చంపి రాజ్యం ఆక్రమించాడు. 27 ఏళ్లు గడిచాక, చోళ రాజరాజు అండతో దానార్ణవుడి కొడుకు శక్తివర్మ తిరిగి వచ్చాడు. తర్వాతి చాళుక్య శాసనాలు ఆ 27 ఏళ్లను నాయకుడు లేని కాలంగా లెక్కగట్టాయి. భీముడు నిక్షేపంలా ఏలినా, గెలిచినవాడి రాతలో అతనికి రాజు హోదా లేదు. కథలు అల్లేవాళ్లు ఇక్కడ కాసేపు ఆగాలి. కల్పిత రాజ్యానికి చరిత్ర రాసుకునేటప్పుడు ఆ చరిత్రను ఎవరు రాయించారు, ఎవరి పేరు కొట్టేశారు అన్నది కూడా రాసుకుంటే లోకం ఒక్కసారిగా లోతెక్కుతుంది. వేంగికి సాయం ఊరికే రాలేదు. శక్తివర్మ తమ్ముడు విమలాదిత్యుడు చోళ రాకుమారి కుందవను పెళ్లాడాడు, వాళ్ల కొడుకు రాజరాజ నరేంద్రుడు అమ్మంగదేవిని పెళ్లాడాడు. ఆమె కొడుకు 1070లో కులోత్తుంగుడనే పేరుతో చోళ సింహాసనమే ఎక్కాడు. సాయం చేసిన ఇంటిని సాయం పొందిన ఇంటి మనవడు ఏలడం కల్పిస్తే అతిగా ఉందంటారు.

ఓడించినవాణ్ణి ఏం చేయాలన్నది మరో ప్రశ్న. కథల్లో తల నరకడమో చెరసాలో రివాజు. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడు కృష్ణా ముఖద్వారంలోని దివిసీమను గెలిచాక అక్కడి అయ్య వంశపు ఆడపడుచులు నారాంబ, పేరాంబలను పెళ్లాడాడు. వాళ్ల తమ్ముడు జాయపను తన గజసైన్యానికి అధిపతిని చేశాడు. ఆ జాయపే ‘నృత్తరత్నావళి’ రాశాడు. దివిసీమకు ఇవతలే కూచిపూడి. గెలుపు ముందు చుట్టరికం, తర్వాత ఉద్యోగం, ఆ తర్వాత నాట్యశాస్త్రం అయింది. ఇలాంటి రాజ్యంలో విధేయత ఎప్పుడూ రెండు వైపులా లాగుతుంది: ఆ సేనాని రాజుకు బావమరిది, ఓడిన నేలకు బిడ్డ. శత్రువును చంపేస్తే రచయిత ఈ పాత్రను పోగొట్టుకున్నట్టే.

ఆ గణపతిదేవుడే 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. అంతకుముందు, తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా రాజులు లాగేసుకునేవారు. ఇక మీదట సుంకం తప్ప ఏమీ తీసుకోమని శాసనం మాట ఇచ్చింది. ఒక రేవు పట్టణాన్ని ఊహించుకునేవాళ్లకు ఇది వంద కోటల వర్ణనకు సాటి. విరిగిన ఓడలో సరుకు ఎవరిది? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు రాసుకుంటే రాజు దురాశ, వ్యాపారి భయం, నావికుడి ప్రార్థన మూడూ తెలిసిపోతాయి.

పైనుంచి కిందికి దిగితే అసలు యంత్రాంగం కనపడుతుంది. వేంగి రాజులు ఊరిని దానం చేసినప్పుడు ఆ విషయంలోని, అంటే ఇప్పటి జిల్లాలాంటి భాగంలోని, రాష్ట్రకూటులు (వంశం కాదు, స్థానిక పెద్దల హోదా) మొదలైన కుటుంబీకులను ఉద్దేశించి ఆజ్ఞ వినిపించేవారు. ఊరి పెద్దలకు తెలియకుండా రాజాజ్ఞ చెల్లుబాటు కాదన్నమాట. కాంచీపురానికి అవతల ఉత్తరమేరూరులో 10వ శతాబ్దపు తొలినాళ్లలో బ్రాహ్మణ సభ ఇంకా ముందుకు పోయింది. 30 వార్డుల నుంచి పేర్లను తాటాకుల మీద రాసి కుండలో వేసి, ఒక పిల్లవాడితో తీయించేవారు. వయసు 35 నుంచి 70 మధ్య ఉండాలి, సొంత భూమి, ఇల్లు ఉండాలి. పాత కమిటీలో పనిచేసి లెక్కలు అప్పజెప్పనివాడికీ, వాడి దగ్గరి చుట్టాలకూ అర్హత లేదు. ఇది అందరి ప్రజాస్వామ్యం కాదు, ఆడవాళ్లకూ మిగతా కులాలకూ ఆ కుండలో చోటు లేదు. అయినా లెక్కలు చెప్పనివాడి బంధువులను సైతం పక్కన పెట్టే నియమం ఒక్కటి చాలు, ఒక నవలకు.

లెక్కలంటే కరణం. డెల్టా పల్లెల్లో రాజులు మారారు, నవాబులు మారారు, కంపెనీ వచ్చింది, జమీందార్లు వచ్చారు. ఏ పొలం ఎవరిదో రాసిన కవిలె మాత్రం కరణం ఇంట్లోనే ఉంది. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో కల్నల్ మెకంజీ కోసం ఏలూరుకు చెందిన కావలి సోదరులు ఊరూరి చరిత్రలు రాయించినప్పుడు ఆధారం చాలాచోట్ల ఆ కవిలెలే. అలా పుట్టిన కైఫియత్తులు నేటికీ దొరుకుతాయి. కొత్త లోకం కట్టే రచయితకు వాటికి మించిన పాఠ్యపుస్తకం లేదు. ఊరికి పేరెలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, ఏ దొర ఎంత శిస్తు లాగాడు, అన్నీ ఒకే గొంతుతో చెబుతాయి.

కరణం, మునసబు పదవుల మీద వంశహక్కు రాజులతో పాటు పోలేదు. తెనాలి తాలూకా పెరవలిపాలెం మునసబు ఉద్యోగం మీద నడిచిన కేసులో, గ్రామోద్యోగానికి వారసత్వం ఆధారం కాకూడదని సుప్రీంకోర్టు 1960 చివర్లో తేల్చింది. మునసబు, కరణాల పదవులే రద్దయింది 1984 జనవరిలో. రద్దు చేసిన ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు. వెండితెర మీద తోటమాలి కొడుకుగా మొదలై రాజుగారి అల్లుడైన నటుడు, అసలు జీవితంలో కథ చేయని పని చేశాడు. ‘పాతాళభైరవి’లో వీరుడు పైకెక్కుతాడు, మెట్లు అలాగే ఉంటాయి. 1984లో కదిలింది ఒక మెట్టు. ఆ నిర్ణయంతో నష్టపోయిన కుటుంబాల బాధ నిజమే. అయినా కాల్పనిక కథల్లో ఇలా జరగడం అరుదు: దుష్టుడైన రాజు పోయి మంచి రాజు రావడం మాత్రమే చూపించి, కుర్చీ తీరును అలాగే వదిలేస్తారు.

కుర్చీలో మనిషే లేని పాలన కూడా ఈ తీరం చూసింది. 1611లో బందరులో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం పెట్టింది. 1760ల మధ్యకు వచ్చేసరికి ఉత్తర సర్కారుల హక్కులు దాని పరమయ్యాయి. సైన్యం ఉన్న, పన్ను వేసే, యుద్ధం చేసే ఆ ప్రభుత్వానికి యజమానులు లండన్‌లోని వాటాదారులు. వాళ్లలో కృష్ణా నదిని చూసినవాళ్లు ఎందరు? 1832-33 కరువులో గుంటూరు ప్రాంతం ఎముకల కుప్పయింది. ఆ తర్వాతే కృష్ణకు ఆనకట్ట మాట గట్టిపడింది, 1855కల్లా బెజవాడ దగ్గర కట్ట లేచింది. డ్రాగన్ల లోకంలో ఇలాంటి కంపెనీని పెట్టి చూస్తే, ఏ రాక్షసరాజూ చేయనంత నష్టాన్ని అది లాభనష్టాల పట్టీతోనే చేయగలదని తెలుస్తుంది.

ఆనకట్టతో డెల్టాకు ఇంకో అధికారం వచ్చింది. పామర్రు చుట్టుపక్కల రైతుకు కాలువ లాకు దగ్గరి లస్కరు ఒకప్పుడు తహసీల్దారు కంటే ముఖ్యుడు. ఎగువ పొలానికి నీళ్లు ముందు, శివారు పొలానికి వంతు చివర. 1997 చట్టంతో రైతులు ఎన్నుకునే నీటి సంఘాలు వచ్చాక కూడా శివారు గొడవ పూర్తిగా తీరలేదు. నదీ లోయలో రాజ్యం పెట్టే రచయిత సింహాసనం గదికంటే ముందు తూము గది గీసుకోవాలి. తలుపు ఎత్తే తాళం ఎవరి నడుముకు ఉందో వాళ్లే అక్కడ రాజు.

మాయలు ఉన్న లోకంలో ఈ లెక్క ఇంకా పదునెక్కుతుంది. అడిగింది ఇచ్చే పాతాళభైరవి బొమ్మ ఉన్నవాడికి రైతు శిస్తు అక్కర్లేదు. శిస్తు అక్కర్లేని రాజుకు రైతు మాట వినాల్సిన పనీ లేదు. సినిమాలో ఆ బొమ్మ మాంత్రికుడి చేతికి చిక్కగానే రాముడి వైభవం ఆవిరైంది, ఇందుమతి మాంత్రికుడి గుహకు చేరింది. అధికారమంతా ఒక్క వస్తువులో ఉంటే ఒక్క దొంగతనంతో రాజ్యం తలకిందులవుతుంది. రచయిత పింగళి నాగేంద్రరావు, దర్శకుడు కె.వి. రెడ్డి దీన్ని వినోదంగా చూపించారు గానీ, అందులోని రాజకీయం గట్టిది.

ఇటీవలి కాలంలో ఈ పనిని శ్రద్ధగా చేసింది ‘బాహుబలి’ సినిమా. మాహిష్మతి పేరు నర్మదా తీరాన హైహయులు ఏలిన పురాణ నగరానిది. పల్నాటి వీరగాథలోని రాజులూ హైహయులే. రాజమౌళి, విజయేంద్రప్రసాద్ ఆ రాజ్యానికి పెట్టిన నియమాలు మూడు: పెద్దకొడుకైనా సింహాసనం దక్కకపోవచ్చు, రాజు లేనప్పుడు రాజమాత మాటే ఆజ్ఞ, కట్టప్ప వంశం సింహాసనానికి బానిస. కట్టప్ప కట్టుబడింది మనిషికి కాదు, కుర్చీకి. బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడని రెండేళ్ల పాటు దేశమంతా అడిగిన ప్రశ్నకు జవాబు ఆ మూడో నియమంలోనే ఉంది. అయితే మాహిష్మతిలోనూ శిస్తు కనపడదు, కరణం కనపడడు. చివరికి గెలిచింది మళ్లీ రక్తసంబంధమే.

2008 నియోజకవర్గాల పునర్విభజనలో పామర్రు శాసనసభ స్థానం కొత్తగా ఏర్పడింది. దాన్ని ఎస్సీలకు కేటాయించారు. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత సర్పంచ్ పదవుల్లోనూ రిజర్వేషన్లు వచ్చాయి. ఏ ఊరి కుర్చీ ఎవరికన్నది వంతుల ప్రకారం మారుతూ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో సగం స్థానాలు ఆడవాళ్లకు. కొన్నిచోట్ల ఆమె పేరిట భర్త పెత్తనం చేస్తాడు, కొన్నిచోట్ల ఆమే కుర్చీలో గట్టిగా కూర్చుంటుంది. తరాలుగా దూరం పెట్టిన ఇళ్లకు సింహాసనాన్ని వంతుల మీద అప్పగించే రాజ్యాన్ని మన జానపదం ఇంతవరకు దాదాపు తలచుకోలేదు. రాజముద్రిక దింపాల్సిన వంశం, మొదటిసారి దాన్ని అందుకునే ఇల్లు, మధ్యలో కవిలె పట్టుకున్న కరణం, తూము తాళం దాచుకున్న లస్కరు. ఇందులో ఎవరి గడప దగ్గర కథ మొదలుపెట్టాలన్నదే రాయబోయేవాళ్లు తేల్చుకోవాల్సిన తొలి సంగతి.