కాకినాడ ప్రయోగం: ప్రయోగ రకాలు, సప్రమాణత

మనోవిజ్ఞాన పరిశోధనా పద్ధతులను వివరించే గ్రంథాలలో ఉదాహరణలు ఎక్కువగా విదేశాలవే. తెలుగునేలపై జరిగి ప్రసిద్ధి పొందిన ఒక ప్రయోగం మాత్రం మన సిద్ధాంత గ్రంథాలలో సాధారణంగా ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది: శిక్షణతో సాధనా ప్రేరణను పెంచవచ్చునని కాకినాడ ప్రయోగం నిరూపించింది. ఆ 'నిరూపించింది' అనే క్రియ ఎంతవరకు నిలుస్తుందన్నదే ఈ వ్యాసంలోని పరిశీలన.

హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ మెక్‌క్లిలాండ్ 1961లో వెలువరించిన 'ది అచీవింగ్ సొసైటీ'లో ఆర్థికాభివృద్ధిని సాధనా ప్రేరణతో ముడిపెట్టారు. అది ప్రధానంగా సహసంబంధమే. కార్యకారణ సంబంధాన్ని తేల్చాలంటే ప్రేరణను కల్పించి ఫలితాన్ని చూడాలి. అందుకే 1964లో హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ ద్వారా కాకినాడ వ్యాపారులకు శిక్షణ ఇప్పించి, పోలికకు రాజమండ్రిని ఎంచుకున్నారు. డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో ఫలితాలను గ్రంథంగా ప్రకటించారు. శిక్షణ తరువాతి రెండేళ్లలో, శిక్షణ పొందినవారిలో సుమారు సగంమంది వ్యాపారంలో చురుకుదనం చూపగా, నియంత్రణ సమూహంలో అది పావువంతు దరిదాపుల్లో ఉంది.

ఇది ఏ రకం ప్రయోగం? ప్రయోగశాల ప్రయోగంలో పరిశోధకుడు స్వతంత్ర చరాన్ని మార్చి, తక్కిన చరాలను అదుపులో ఉంచుతాడు. క్షేత్ర ప్రయోగంలో మార్పు ఆయనదే, పరిసరాలు మాత్రం జీవితానివి. సహజ ప్రయోగంలో ఆ మార్పు కూడా పరిశోధకుని చేతిలో ఉండదు. కాకినాడది క్షేత్ర ప్రయోగం. అయితే సమూహాలలోకి వ్యక్తుల కేటాయింపు యాదృచ్ఛికంగా జరగలేదు కనుక కచ్చితంగా చెప్పాలంటే అర్ధప్రయోగం.

అంతర్గత సప్రమాణతకు చిక్కు ఇక్కడే. 1965 యుద్ధం, 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గింపు ఆ పరిశీలన కాలంలోనే వచ్చాయి. ఇవి రెండు పట్టణాలనూ తాకినవే కనుక వాటి ప్రభావాన్ని నియంత్రణ సమూహం చాలావరకు తీసివేస్తుంది. కాకినాడ రేవుకు మాత్రమే కలిసివచ్చిన మార్పు ఏదైనా ఉంటే, దానిని రాజమండ్రి పట్టి చూపలేదు. పైగా శిక్షణకు ముందుకొచ్చిన వ్యాపారికి ఉత్సాహం అప్పటికే ఉండి ఉండవచ్చు. పూర్వ, ఉత్తర పరీక్షలు మాత్రమే పెట్టి, నియంత్రణ సమూహమే లేకుండా 'ప్రయోగాత్మక అధ్యయనం' అని పేరుపెట్టే మన సిద్ధాంత గ్రంథాలతో పోలిస్తే, ఈ లోపాలతోనూ కాకినాడ ఎంతో మెరుగు.

సంప్రదాయ విశ్వాసాలు, ఆచారాలు శిక్షణకు అడ్డు కాలేదన్న ముగింపును మరింత జాగ్రత్తగా చదవాలి. చిన్న సమూహంలో తేడా కనబడకపోవడం, తేడా లేకపోవడం ఒకటి కావు.

బాహ్య సప్రమాణత ప్రశ్న మనకు మరింత దగ్గరిది. ఆ ఫలితాన్ని పల్నాడుకు అన్వయించగలమా? నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల మిర్చి, పత్తి వ్యాపారంలో ధర వ్యాపారి చేతిలో లేదు, వాన కూడా లేదు. పూనిక ఎంత పెరిగినా ఫలితం అంతే పెరుగుతుందని ముందే అనుకోలేము. కొలమానం మరో సమస్య. సాధనా ప్రేరణను కొలవడానికి బొమ్మ చూపి కథ చెప్పిస్తారు. 'నేను గెలిచాను' అని చెప్పే కథకూ 'మా ఇల్లు నిలబడింది' అని చెప్పే కథకూ ఒకే సూచికతో మార్కులు వేస్తే, కొలిచినది ప్రేరణనా, కథ చెప్పే అలవాటునా అన్న సందేహం మిగులుతుంది. నిర్మాణ సప్రమాణత అడిగేది సరిగ్గా ఇదే. పల్నాడులో అటువంటి అధ్యయనం చేపట్టేవారు శిక్షణ కార్యక్రమం కన్నా ముందు, ఇక్కడి తెలుగులో చెప్పిన కథలతో ఆ సూచికను సరిచూసుకోవలసి ఉంటుంది.