మితాక్షర నుంచి ఆడపిల్ల వాటా దాకా

పిత్రార్జితంలో పుట్టుకతోనే హక్కు వస్తుందన్న సూత్రం నేటికీ భారత న్యాయస్థానాల్లో చెల్లుతోంది. దాన్ని బలంగా నిలబెట్టిన గ్రంథం మితాక్షర. కల్యాణి చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలంలో (1076–1126) విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి రాసిన వ్యాఖ్యానమిది. నాటి కల్యాణి ఇప్పుడు బీదర్ జిల్లాలోని బసవకల్యాణ్. 13వ శతాబ్దంలో, తిక్కన కాలంలోనే, కేతన ఈ శాస్త్రాన్ని ‘విజ్ఞానేశ్వరీయము’ పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

మితాక్షర పద్ధతిలో కొడుకు, మనవడు, మునిమనవడు పుట్టగానే ఉమ్మడి ఆస్తిలో హక్కుదారులవుతారు. తండ్రి దాన్ని తన ఇష్టం వచ్చినట్టు అమ్ముకోలేడు. భాగస్వామి ఒకరు చనిపోతే అతని వాటా మిగిలిన మగవాళ్లకే చేరుతుంది. బెంగాల్‌లో ప్రామాణికమైన జీమూతవాహనుడి ‘దాయభాగం’ మాత్రం తండ్రి బతికున్నంతకాలం ఆస్తి తండ్రిదేనంటుంది. ఒకే స్మృతుల నుంచి ఇంత భిన్నమైన తీర్పులు వచ్చాయంటే, ధర్మశాస్త్రం వాదోపవాదాలతో పెరిగిన విద్య అని తెలుస్తుంది.

ఆ చలనాన్ని ఆపింది ఈస్టిండియా కంపెనీ పాలన. వారసత్వం, పెళ్లి వంటి విషయాల్లో హిందువులకు శాస్త్రం, ముస్లింలకు ఖురాన్ ప్రకారం తీర్పు చెప్పాలని 1772లో వారన్ హేస్టింగ్స్ నిర్ణయించాడు. మితాక్షర, దాయభాగాల్లోని వారసత్వ భాగాలను 1810లో కంపెనీ అధికారి కోల్‌బ్రూక్ ఇంగ్లీషులోకి అనువదించాడు. కోర్టుల్లో శాస్త్రం చెప్పే పండితుల పదవులు 1864లో రద్దయ్యాయి. ఆపైన న్యాయమూర్తులకు అనువాదాలు, పాత తీర్పులే ఆధారమయ్యాయి. అయితే 1868లో రామనాథపురం దత్తత కేసులో నాటి చివరి అప్పీలు కోర్టు ప్రీవీ కౌన్సిల్ ఒక మంచి మాట చెప్పింది: స్పష్టంగా రుజువైన ఆచారం గ్రంథంలోని వాక్యం కన్నా బలమైనది.

ఈ వ్యవస్థలో ఎక్కువగా నష్టపోయింది స్త్రీలు. 1937 చట్టం వితంతువుకు భర్త వాటా ఇచ్చినా, అది ఆమె జీవితకాలం అనుభవానికే. వారసత్వ, వివాహ చట్టాలను సంస్కరించే హిందూ కోడ్ బిల్లు కోసం పోరాడిన అంబేడ్కర్, అది ముందుకు సాగకపోవడంతో 1951లో మంత్రి పదవి వదులుకున్నారు. చివరికి 1956 హిందూ వారసత్వ చట్టం స్త్రీకి తన ఆస్తిపై పూర్తి హక్కు ఇచ్చింది. ఉమ్మడి ఆస్తిలో పుట్టుక హక్కును మాత్రం మగవాళ్లకే ఉంచింది.

దాని ఫలితం లెక్కలో స్పష్టంగా కనిపిస్తుంది. భార్య లేని తండ్రి, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారనుకుందాం. ఉమ్మడి పొలం 8 ఎకరాలు. తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే పాత పద్ధతిలో మొత్తం కొడుక్కే. 1956 చట్టం ప్రకారం ముందు తండ్రీకొడుకుల మధ్య పంపకం జరిగినట్టు భావించాలి. కొడుక్కి 4 ఎకరాలు పోగా, తండ్రి భాగమైన 4 ఎకరాలు పిల్లలిద్దరికీ సమానంగా వెళ్తాయి. అంటే కొడుక్కి 6, కూతురికి 2. సమానత్వానికి పూచీ ఇచ్చిన రాజ్యాంగం కింద ఈ తేడా దాదాపు అర్ధ శతాబ్దం సాగడం బాధాకరం.

దీన్ని సరిదిద్దడంలో ఆంధ్రప్రదేశ్ ముందు నిలిచింది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుక హక్కు ఇచ్చింది. ఆ తేదీకి ముందే పెళ్లయినవారికి మాత్రం అది వర్తించలేదు. పెళ్లయిన పిల్ల పుట్టింటి మనిషి కాదన్న పాత భావన ఆ షరతులో మిగిలే ఉంది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర కూడా ఇదే దారి పట్టాయి. కేరళ 1975 చట్టంతో పుట్టుక హక్కునే తీసేసింది. 2005 కేంద్ర సవరణ పెళ్లితో నిమిత్తం లేకుండా కూతుళ్లందరికీ హక్కు ఇవ్వడంతో పై లెక్కలో చెరో 4 ఎకరాలు వస్తాయి. సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇదంతా ఉమ్మడి ఆస్తి మాట. తండ్రి తన స్వార్జితాన్ని ఎవరికైనా రాసివ్వవచ్చు.

పెళ్లి చట్టంలోనూ స్మృతి జాడ ఉంది. సపిండులు, అంటే దగ్గరి రక్తసంబంధీకులు, పెళ్లాడకూడదని యాజ్ఞవల్క్యుడు తల్లి వైపు అయిదు, తండ్రి వైపు ఏడు తరాల హద్దు పెట్టాడు. 1955 హిందూ వివాహ చట్టం దాన్ని మూడు, అయిదు తరాలకు తగ్గించింది. ఆ లెక్కన తెలుగువారి మేనరికం నిషిద్ధమే. ఇరువైపులా ఆచారం ఉంటే చెల్లుతుందన్న మినహాయింపును ఆ చట్టమే ఇచ్చింది కాబట్టి మేనమామ కూతురితో పెళ్లి కోర్టులో నిలుస్తోంది.